చదివినదానికి పద్దు

ప్రతి గృహమునందును ఏదో యొక లెక్క నడచుచునే యుండును. పాలు రాని దినమున గోడమీది క్యాలెండరుపై సున్న చుట్టెదము. చాకలికి వేసిన బట్టలకు పద్దు కలదు. కిరాణా దుకాణమునకు చిన్న పుస్తకము కలదు. కరెంటు బిల్లులను, బడి జీతముల రసీదులను తీగకు గ్రుచ్చి దాచుకొనుట నేటికిని అనేకుల యిండ్ల కనబడును. ఇంటిలోనికి వచ్చిన ధనమునకును, ఇల్లు దాటిపోయిన ధనమునకును ఇట్లు సాక్ష్యము నిలుచుచున్నది. ఇంటిలోనికి వచ్చి, మనస్సులలో చొచ్చి, మన మాటను, భయమును, ఆశను మార్చిన పుస్తకములకు మాత్రము సాక్ష్యము లేదు. నలువది సంవత్సరములు వారపత్రికలను విడువక చదివిన గృహిణిని "అమ్మా, మీరేమి చదివితిరి?" అని యడిగినచో, "ఏవో కథలు, సీరియళ్ళు నాయనా" అని నవ్వి ఊరకుండును. ఆ నవ్వులో వినయమున్నదని మనము సంతోషింపరాదు. తాను చదివినది చదువు క్రిందికి రాదని ఆమెకు లోకము నేర్పినది. ఆ పాఠమే ఆ నవ్వున నున్నది.

చదివినదానిని వ్రాసి యుంచుకొనుట యను అలవాటును గూర్చి ఈ వ్యాసమున విచారింపదలచితిని. అందును ముఖ్యముగా రెండు విధములైన పఠనములను తీసికొందును. ఒకటి పత్రికలు, రెండవది మాయలు, మంత్రములు, రాక్షసులు, గంధర్వులు గల అద్భుత నవలలు, అనగా నేటి పిల్లలు ఫాంటసీ యని పిలుచునవి. ఈ రెంటినే యేల తీసికొనవలెను? కావ్యమును చదివినవాడు చదివితినని చెప్పుకొనును. శాస్త్రమును చదివినవానికి పరీక్ష యున్నది, పట్టమున్నది. పత్రికను, మాయకథను చదివినవాడు మాత్రము చదివితినని చెప్పుకొనుటకు జంకును. ఇతరులు లెక్కింపనిదానిని మనమే లెక్కించుకొనవలసి యున్నది.

ఈ యలవాటు క్రొత్తది కాదు. ఆంగ్లేయ తత్త్వవేత్త జాన్ లాక్ తాను చదివిన పుస్తకములనుండి తీసికొన్న విషయములను నోటుపుస్తకములో సులభముగా వెదకికొనుటకు ఒక సూచిక పద్ధతిని కల్పించి 1686లో ప్రకటించెను. ప్రకృతిశాస్త్రజ్ఞుడైన డార్విన్ 1838 మొదలు 1860 వరకు తాను చదువదలచిన పుస్తకములకు ఒక పట్టిక, చదివి ముగించిన పుస్తకములకు ఒక పట్టిక వ్రాసికొనుచుండెను. మన గురజాడ అప్పారావు గారు ఆంగ్లమున వ్రాసికొన్న దినచర్యలు నేటి పరిశోధకులకు ఎంత యుపకరించుచున్నవో సాహిత్యాభిమానులకు తెలియును. అంతకుముందు తాటియాకులపై పుస్తకములకు ప్రతి వ్రాయు లేఖకుడు తుదియాకున తన పేరును, సంవత్సరమును, తిథిని వ్రాసి ముగించెడివాడు. ఆ కాలమున చదువుటకును వ్రాసికొనుటకును అంత దూరము లేదు. అచ్చుయంత్రము వచ్చిన తరువాత ప్రతి వ్రాయు శ్రమ తప్పినది. దానితోపాటు, నేను దీనిని చూచితినని చేవ్రాలు చేయు అలవాటును తప్పిపోయినది.

"చదివినది మనస్సున జీర్ణమైన చాలును, కాగితమున నేల?" అని కొందరు ప్రశ్నింతురు. మన పెద్దలు శ్రవణముతో నిలువక మనన మనుదానిని చెప్పిరి. విన్నదానిని మరల తలచి, ప్రశ్నించి, తనదిగా చేసికొనుటయే మననము. ఒకప్పుడు ఒక గ్రంథమునే పది సంవత్సరములు చదివెడివారికి మననము దానంతట నదియే జరిగెడిది. వారమునకు నాలుగు పత్రికలు, నెలకు రెండు నవలలు చదువు నేటివారికి మొదటిది నిలుచులోపల రెండవది వచ్చి త్రోసివేయును. వీరికి మననమునకు నిలుకడ కావలెను. రెండు పంక్తులు వ్రాయుటకు కలము తీయు ఆ క్షణమే ఆ నిలుకడ.

ఇక పత్రికల విషయము. పుస్తకము వలె పత్రిక నిలువదు. చదువుట ముగిసిన తరువాత అలమరలో అడుగున వేయు కాగితమగును, పొట్లమగును, తూకమునకు పోవును. 1970వ సంవత్సరమున ప్రపంచ ప్రమాణమైన ఐయస్‌బియన్ అను సంఖ్య ప్రతి పుస్తకమునకును వేరువేరుగా ఇయ్యబడుచున్నది. పత్రికకు ఇచ్చు ఐయస్‌యస్‌యన్ అను సంఖ్య పత్రిక పేరునకే గాని సంచికకు కాదు. కావున ఒక వారపత్రికలో ముప్పది వారములు వచ్చి, పుస్తకముగా అచ్చుపడని నవలకు లోకమున ఏ సంఖ్యయు లేదు. చదువరి చెప్పిననే గాని అది యుండెనని కూడ తెలియదు. గ్రంథాలయమున పుస్తకము తిరిగి ఇచ్చినపుడు మన చీటి మన చేతికి వచ్చును. దానితో ఆ పఠనమునకు గుర్తు ముగియును. నాలుగైదు దశాబ్దముల క్రిందట ప్రతి పేటలోను వెలసిన అద్దె పుస్తకముల దుకాణములో మాత్రము, దినమునకు ఇంతయని అద్దె వసూలు చేయుటకై, ఎవరు ఏ పుస్తకము ఎన్నడు తీసికొనిపోయిరో దుకాణదారు వ్రాసికొనుచుండెను. ఆలోచించి చూడగా, తెలుగువారి నవలా పఠనమునకు చరిత్ర వ్రాసినవాడు ఆతడే. దుకాణము మూతపడిన దినమున ఆ లెక్కల పుస్తకమును తూకమునకే పోయినది.

పత్రికలు స్థిరములని నమ్మియుందుమా, అదియును లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1924లో స్థాపించిన 'భారతి' 1991లో ఆగిపోయినది. మన సికిందరాబాదునుండి వెలువడి, తెలుగుదేశమంతట నవలల ఆకలిని పెంచిన ఆంధ్రభూమి వారపత్రిక 2020లో, కరోనా దినములలో, అచ్చు మానినది. ఒక పత్రిక నిలిచిపోయినపుడు సంపాదకుని గూర్చి వ్రాయుదురు, రచయితలను గూర్చి వ్రాయుదురు. దానిని ఇరువది సంవత్సరములు గుమ్మమున నిలిచి యెదురుచూచినవారిని గూర్చి ఎవ్వరును వ్రాయరు. వారు వ్రాసికొననిచో ఇతరులు వ్రాయుట కేమియు లేదు.

మన స్త్రీలు ఒక యుపాయమును తమంతట తామే కనిపెట్టిరి. పత్రికలో వచ్చు సీరియలు పుటలను వారము వారము చింపి, దాచి, కథ ముగిసిన తరువాత దారముతో కుట్టియో, బైండు చేయించియో ఉంచుకొనుట. ఇది తెలుగిండ్లకు తెలిసిన ముచ్చట. తమ చదువును తాము గౌరవించుకొన్న తొలి ప్రయత్నమిదియే యని నేను తలంతును. అయినను విమర్శకునిగా చూచినపుడు ఇందొక లోపము కలదు. కథ దొరికినది గాని కథకు చుట్టునున్నది పోయినది. ఏ పత్రిక, ఏ తేది, ఆ పుటకు వెనుకనున్న ప్రశ్నోత్తరములు, పాఠకుల లేఖలు, సబ్బు ప్రకటనలు, ఇవి యన్నియు కత్తెరకు ఆవలనే మిగిలిపోయినవి. చాల కుట్టుపుస్తకములకు ముఖపత్రమే లేదు. రచయిత పేరు మొదటి వారపు పుటతో చినిగిపోయినది. అట్టి పుస్తకపు అట్టలోపల నాలుగు పంక్తులు వ్రాసియుండిన అది చదువరి చేసిన సంపుటమై యుండును; వ్రాయనందున అనాథయైనది.

పేరు పోవుట యనునది చిన్న విషయము కాదు. దీనికి మనయెదుట ఘనమైన నిదర్శనమున్నది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు మదరాసులో 'చందమామ'ను ప్రారంభించిరి. అందు 1954లో 'తోకచుక్క' యను మాయకథ ధారావాహికముగా మొదలైనది. తరువాత 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' ఇట్లు వరుసగా వచ్చినవి. చిత్రా గారి బొమ్మలతో నెలనెల వచ్చిన ఆ కథలకొరకు తెలుగుపిల్లలు తపాలా బంట్రోతు దారి కాచిరి. వానిని వ్రాసినది దాసరి సుబ్రహ్మణ్యం గారు. పత్రికలో ఆ సీరియళ్ళకు ఆయన పేరు అచ్చుపడలేదు. రెండు తరములవారు ఆ కథలను కంఠస్థము చేసిరి. కర్త యెవరో యెరుగరు. పెరిగి పెద్దవారైన పాఠకులు పాత సంచికలను వెదకి, పట్టికలు వేసి, ఏ సీరియలు ఏ నెల మొదలై ఏ నెల ముగిసినదో తేల్చి, ఆయన పేరును పదిమంది నోట నిలిపిరి. ఆయన 2010లో మరణించెను. చదువరుల చిట్టాలు లేకున్నచో మన బాలసాహిత్యములో ఒక ముఖ్యుడైన కల్పనాకర్త పేరు లేకయే పోయియుండెడివాడు.

అదే 1954వ సంవత్సరమున ఇంగ్లండులో టాల్కిన్ యను ఆచార్యుని 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి సంపుటము వెలువడినది. 1955లో వచ్చిన తుది సంపుటమునకు వంశావళులు, కాలపట్టికలు, లిపుల వివరణములు అనుబంధములుగా చేర్చిరి. నేడు ఆ గ్రంథములోని ఒక చెట్టు పేరును, ఒక వాగు పేరును వెదకదలచినవానికి నిఘంటువులే కలవు. ఈ రెండు రచనలు సమానములని నా వాదము కాదు. ఒకటి పెద్దల కొరకు పండ్రెండేండ్లు చెక్కిన గ్రంథము. మరియొకటి పిల్లల కొరకు నెలనెల తొందరలో వ్రాసిన కథ. వ్యత్యాసము చదువరుల మర్యాదలో నున్నది. వారు మాయకథను గూడ పద్దు వ్రాసి చదివిరి. మనము మహాకథకుని పేరు కూడ అడుగక చదివితిమి.

ఇట్టి తిరస్కారము మన భూమిలో ఎంత పాతదో కథాసరిత్సాగరము చెప్పును. గుణాఢ్యుడు ఏడు లక్షల గ్రంథమైన బృహత్కథను పైశాచీ భాషలో, సిరా లేక తన నెత్తుటితో, వ్రాసి సాతవాహనునికి పంపగా, భాష నీచమనియు వ్రాత రక్తమనియు రాజు త్రోసివేసెను. కవి అడవిలో అగ్నిని రగిల్చి, ఒక్కొక్క పత్రమును చదివి మృగములకు వినిపించి అగ్నిలో వేసెను. రాజునకు తెలివి వచ్చులోపల ఆరు లక్షలు బూడిదయైనవి. ఒక లక్ష మిగిలినది. ఇది చరిత్ర కాదు, కథయే. అయినను ఆ లక్షనుండియే పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమున సోమదేవుడు, క్షేమేంద్రుడు తమ గ్రంథములు కూర్చుకొనిరి. మన భేతాళ కథలు ఆ సంప్రదాయములోనివే. మాయకథను పండితులు కాదన్నపుడు ఏమి నష్టమగునో మాయకథయే మనకు చెప్పిపెట్టినది.

ఇచ్చట సంస్కారాభిమానులు ఒక ఆక్షేపణ చేయుదురు. అది న్యాయమైనది గావున దానిని దాటిపోరాదు. "మూఢవిశ్వాసములను పోగొట్టవలెనని మనము శ్రమించుచుండగా, మాంత్రికులను, పిశాచములను వర్ణించు పుస్తకములకు పద్దు కూడ వ్రాసి గౌరవింపవలెనా?" అని వారి ప్రశ్న. దీనికి సమాధానముగా మొదట వీరేశలింగం పంతులు గారినే చూపవచ్చును. వారి 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' 1726 నాటి 'గలివరు యాత్రల'ను చూచి అల్లిన కల్పన. అందలి ఆడుమళయాళమున స్త్రీలకు అధికారమును, పురుషులకు బంధనములును ఉండును. ఇక్కడ స్త్రీలకు సహజమని తోచిన కట్టుబాట్లు అక్కడ పురుషునికి తగులగా పాఠకునకు నవ్వు వచ్చును. నవ్విన తరువాత సిగ్గు వచ్చును. ఉపన్యాసము చేయలేని పనిని ఆ కల్పన చేసినది. విశ్వనాథ వారి 'హాహా హూహూ'లో లండను నగరమున పడిన అశ్వముఖుడైన గంధర్వుడు పాశ్చాత్య విజ్ఞానపు గర్వమును ప్రశ్నించును. ఈ యిరువురి అభిప్రాయములకు ఆమడ దూరము. ఇరువురును అద్భుతమునే పనిముట్టుగా పట్టిరి. కావున దోషము అద్భుతమునందు లేదు.

దోషమెక్కడ నున్నది? కథలోని మాయ కథగా నుండక ఇంటిగుమ్మము దాటి లోకవ్యవహారమున కలియునపుడున్నది. 1980ల ఆరంభమున యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చినపుడు పాఠకులు దానిని ఊపిరి బిగబట్టి చదివిరి. చిన్నబిడ్డపై ప్రయోగింపబడిన కాష్మోరాను గూర్చిన ఆ కథలో శాస్త్రము చెప్పు కారణమును, మంత్రము చెప్పు కారణమును రెండును ప్రక్కప్రక్కన నడచును. ఏది నమ్మవలెనో పాఠకునకే విడువబడినది. రంగనాయకమ్మ గారు ఆ నవలపై తీవ్రమైన విమర్శ గ్రంథమునే వ్రాసిరి. ఆ వివాదమున పుస్తకమును గూర్చి ఎంతో చర్చ జరిగినది. పాఠకునిలో ఏమి జరిగినదో చెప్పుటకు మాత్రము సాక్ష్యము తక్కువ. చేతబడి చేసెనను అనుమానముతో నిరపరాధులను కొట్టి చంపిన వార్తలు తెలంగాణ పల్లెలనుండి వచ్చుచున్న దేశమిది. ఆ హత్యలకు ఒక నవలను కారణమనుట అన్యాయము. ఆ నమ్మకము నవలలకంటె ఎంతో పాతది. కాని ఆ నవల ముగించిన రాత్రి వేలకొలది గృహములలో ఎవరు దీపము ఆర్పుటకు భయపడిరి, ఎవరు "కథయే గదా" యని నిద్రపోయిరి, ఎవరు పొరుగింటి ముసలమ్మను మరునాడు వేరుగా చూచిరి అను ప్రశ్నలకు ప్రత్యుత్తరము ఆ పాఠకులయొద్దనే యుండెను. వారు రెండు పంక్తులు వ్రాసికొనియుండిన, నవలల మంచిచెడ్డలను గూర్చి మనము ఊహలతో గాక ఆధారములతో మాటలాడగలిగెడివారము. అంతకంటె ముఖ్యముగా, వ్రాసికొన్నవానికే తన భయము కాగితముపై కనబడియుండెడిది. కనబడిన భయము సగము తగ్గును.

మౌలాలి కొండ చుట్టుప్రక్కల రైల్వే కుటుంబములు విస్తారముగా నివసించుచున్నవి. ఉపాధ్యాయుడనైనందున ఇక్కడి పిల్లల నోటుపుస్తకములను, కొందరు పెద్దల చిట్టాలను, వారు తమంతట చూపగా, చూచితిని. అందు రెంటిని మాత్రము పేర్లు చెప్పక ఉదాహరింతును.

మొదటిది రైల్వేలో పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషిది. మిగిలిపోయిన పాత డైరీ పుటలలో పత్రిక పేరు, తేది, సీరియలు పేరు, అంతే. అభిప్రాయములు లేవు. పైకి చూచుటకు కిరాణా పద్దు వలె నుండును. కాని పుటలు త్రిప్పగా ఒకచోట ఇట్లున్నది: "మూడు వారములు డ్యూటీ మీద ఊరు లేను, సంచికలు దొరకలేదు. నడుమ కథ నేనే ఊహించుకొంటిని. తరువాత చదివిన, నాదే బాగున్నది." ఈ మూడు వాక్యములలో పత్రికా పఠనపు సారమంతయు నున్నదని నాకు తోచినది. సీరియలు చదువువాడు ఊరక మ్రింగువాడు కాడు. వారమునకును వారమునకును నడుమ ఆరు దినములు ఆతడును రచయితయే. పుస్తకరూపమున ఒక్క రాత్రిలో చదివినవానికి ఈ సహకర్తృత్వము లేదు. ఈ రహస్యమును ఆ చిట్టాలోని ఖాళీ గడియే బయటపెట్టినది.

రెండవది తొమ్మిదవ తరగతి బాలికది. హ్యారీ పోటరు మొదలు పాత జానపద నవలల వరకు చేతికి దొరికినదెల్ల చదువును. ప్రతి పుస్తకమునకు నక్షత్రములు వేసినది. అవి నాకేమియు చెప్పలేదు. ఒకచోట మాత్రము నక్షత్రములు లేవు. "41వ పేజీలో మానేశాను. ఈ మాంత్రికుడికి చేతకానిది ఏదీ లేదు" అని యున్నది. అలంకారశాస్త్రమును చదువని బాలిక ఔచిత్య సిద్ధాంతమును ఒక్క వాక్యమున చెప్పినది. భరతుడు అద్భుతరసమునకు విస్మయమును స్థాయిగా చెప్పెను. అన్నియు సాధ్యమైనచోట విస్మయమునకు తావు లేదు. మాంత్రికునికి ప్రాణము ఏడు సముద్రముల కావల చిలుకలో నుండవలెను. విక్రమార్కుడు నోరు తెరచిన శవము చెట్టెక్కవలెను. హద్దు ఉన్నపుడే మాయకు కథ కలుగును. ఔచిత్యమును గూర్చి గ్రంథము వ్రాసిన క్షేమేంద్రుడే బృహత్కథను సంగ్రహించెననుట ఇక్కడ స్మరింపదగినది. ముగింపక విడిచిన పుస్తకమునకు ఆ బాలిక వ్రాసిన కారణము, ముగించిన పది పుస్తకములకు వేసిన నక్షత్రములకంటె విలువైనది.

దీనినిబట్టి నేటి కాలపు ఒక వ్యామోహమును గూర్చి చెప్పక తప్పదు. 2007లో ప్రారంభమై, 2013లో అమెజాను కంపెనీ చేతికి వచ్చిన గుడ్‌రీడ్స్ వంటి సాధనములలో చదువరులు తమ పుస్తకములను నమోదు చేసికొనుచున్నారు. ఇది మంచి పనియే. కాని సంవత్సరమునకు ఇన్ని పుస్తకములని ముందుగా పందెము కట్టుకొని, డిసెంబరు నెలలో లెక్క తగ్గినదని పలుచని పుస్తకములను వెదకువారిని చూచుచున్నాము. జపమాల త్రిప్పుటలో పూసలు లెక్కించి దైవమును మరచినట్లు, ఇది పుటలు లెక్కించి పుస్తకమును మరచుట. అట్టి లెక్కలో పత్రికకు చోటే లేదు. వారపత్రికలో చదివిన ఒక మంచి కథకు సంఖ్య రాదు. ఆ పట్టికను నమ్మిన చదువరి కొంతకాలమునకు సంఖ్య రానిదానిని చదువుట మానును. మన పద్దు మన చదువును వెంబడింపవలెను గాని, మన చదువు పద్దును వెంబడింపరాదు.

అట్లయిన ఏమి వ్రాయవలెను? రెండణాల నోటుపుస్తకమైనను, నేటి చేతిఫోనైనను సరియే. పత్రికకు: పేరు, సంచిక నెల లేక తేది, చదివిన రచన పేరు, రచయిత పేరు. పేరు లేకున్న "పేరు లేదు" అని స్పష్టముగా వ్రాయవలెను. దాసరి వారి కథ మనకు నేర్పిన నియమమిది. సీరియలునకు: ఎన్నవ భాగము, ఏది తప్పిపోయినది. అద్భుత నవలకు మరి మూడు ప్రశ్నలు చాలును. ఈ లోకమున మాయకు హద్దెక్కడ? ఆ హద్దును రచయిత తానే మీరెనా? ఈ కథ ఎవరిని చిన్నచూపు చూచినది: స్త్రీనా, నల్లనివానినా, అడవివానినా, ముసలిదానినా? మూడవ ప్రశ్నను విడువరాదు. మన మాయకథలలో మంత్రగత్తె తరచుగా ముసలిదై, వికృతాకారయై యుండుటయు, రాకుమార్తె బహుమానముగా ఇయ్యబడుటయు కలదు. ఇష్టముతో చదువుచునే ఈ మాటను గుర్తించుట సాధ్యము. ఇష్టమును చంపకయే కన్ను తెరచుట సంస్కారము. చివర, తన మాటలలో ఒక వాక్యము. మంచి వాక్యమే కానక్కరలేదు, తనదైన చాలును.

తెలియజేయవలసిన ఎచ్చరిక యింకొకటి కలదు. ఈ పద్దు చదువరిది. భర్తకు గాని, తండ్రికి గాని, ఉపాధ్యాయునకు గాని దానిని అడిగి చూచు అధికారము లేదు. పిల్లవాడు ఏమి చదువుచున్నాడో కనిపెట్టుటకు సాధనముగా దీనిని వాడినచో, ఆ నాడే దానిలో అబద్ధములు చేరును. చదివిన మాయకథ దాగి, చదువని నీతిగ్రంథము పద్దునకెక్కును. బడిలో దీనికి మార్కులు వేయుట అంతకంటె హాని. స్త్రీలు తమ నవలలను పోపులడబ్బా వెనుక దాచుకొనవలసి వచ్చిన దినములను మనము ఎరుగుదుము. ఆ దాపరికమును పోగొట్టుటకు వచ్చిన పుస్తకము క్రొత్త కాపలాదారు కారాదు. పెద్దలు పిల్లలచే వ్రాయింపదలచినచో తాము ముందు వ్రాసి, తమ పద్దును బల్లపై తెరచి యుంచుటయే యుపాయము.

ఈ జంటనగరములు పుస్తకము కొరకు పాటుపడిన చోటు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1905లో సికిందరాబాదున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయము, తెలుగు చదువునకు ఆదరణ లేని ప్రభుత్వమునందు, ప్రజల చందాలతో నిలిచినవి. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి గారు సికిందరాబాదున దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి పుస్తకములను నెత్తిన పెట్టుకొని ఊరూర తిరిగిరి. వారు పుస్తకమును పాఠకుని గుమ్మము వరకు తెచ్చిరి. వారు చేయలేనిది, చేయుటకు వీలు లేనిది, ఒకటి మిగిలినది. ఆ గుమ్మము దాటిన తరువాత పుస్తకమునకు ఏమైనదో చెప్పుట. 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు పంచసూత్రములు చెప్పిన రంగనాథన్ గారు ప్రతి పుస్తకమునకు దాని పాఠకుడు ఉండవలెననిరి. ఆ పాఠకుడు దొరికెనని చెప్పవలసినవాడు పాఠకుడే.

మనము చదివిన పత్రికలలో అనేకములు నేడు లేవు. మనము చదివిన నవలలలో అనేకములకు రెండవ ముద్రణ రాదు. ఇంకొక యిరువది సంవత్సరములకు, ఇరువదవ శతాబ్దపు తెలుగువారు ఏమి చదివి నవ్విరి, ఏమి చదివి భయపడిరి, ఏ మాయలో పడి ఏ మాయనుండి బయటపడిరి అని యెవరైన అడిగిన, ఆ చదివినవారు చెప్పుటకు ఉండరు. ఇప్పుడు ఉన్నారు. మన యిండ్లలో నలువదేండ్లు చదివిన తల్లులను, అత్తలను, మేనమామలను కూర్చుండబెట్టి, జ్ఞాపకమున్నంతవరకు పేర్లు చెప్పించి వ్రాసికొనుట ఈ నెలలోనే చేయదగిన పని. "ఏవో కథలు" అని వారు ప్రారంభింతురు. ఆ "ఏవో"ను ఒక్కొక్కటిగా విప్పించవలెను.